ఒక్కరికో గది, ఎదురుగా సముద్రం

మన వాళ్లకు సముద్రం కొత్తేమీ కాదు. కార్తీక పౌర్ణమి వచ్చిందంటే సూర్యలంక, వాడరేవు, మంగినపూడి తీరాలు తెల్లవారకముందే జనంతో నిండిపోతాయి. మాఘంలో అంతర్వేది తీర్థానికి ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. అయితే అది పర్వదిన స్నానం. మామూలు రోజుల్లో సముద్రంలో మునగకూడదనేది పెద్దల మాట. జాలరి పల్లెలకైతే సముద్రం అంటే వేట, బతుకుతెరువు. పుణ్యం కోసం కాదు, పని మీద కాదు, ఒక మనిషి ఒంటరిగా వెళ్లి నాలుగు రోజులు అలల ముందు ఊరికే కూర్చుని రావడమన్న ఊహ మనకు లేదు. ఐరోపాకూ చాలాకాలం లేదు. రోమన్ ధనికులు బైయే తీరంలో విలాస భవనాలు కట్టుకున్న మాట నిజమే కానీ, ఆ అలవాటు సామ్రాజ్యంతో పాటే పోయింది. ఆ తర్వాత శతాబ్దాల పాటు సముద్రమంటే తుపానులు, దొంగ ఓడలు, మునిగిపోయిన బంధువులు.

ఆ భయాన్ని మొదట పోగొట్టింది వైద్యులు. ఇంగ్లండులోని స్కార్‌బరో ఊళ్లో 1626 ప్రాంతంలో ఒక ఖనిజ జలపు ఊట బయటపడింది. ఆ నీళ్లు తాగడానికి రోగులు రావడం మొదలైంది. ఊట పక్కనే సముద్రం. 1660లలో రాబర్ట్ విట్టీ అనే వైద్యుడు ఉప్పునీటి స్నానం కూడా మంచిదేనని రాశాడు. అసలు మలుపు మాత్రం 1750లో వచ్చింది. రిచర్డ్ రసెల్ అనే వైద్యుడు గ్రంథుల వాపులకు సముద్రపు నీరే మందని లాటిన్‌లో ఒక గ్రంథం ప్రకటించి, కొద్ది కాలానికే బ్రైటన్‌లో కాపురం పెట్టాడు. ఆయన చీటీలో స్నానమే కాదు, ఆ నీటిని తాగడమూ ఉండేది. ఈనాటి వైద్యం దాన్ని ఒప్పుకోదు. కానీ ఒంట్లో బాగాలేని మనిషి ఇల్లూ వాకిలీ వదిలి కొన్ని వారాలు తీరంలో ఉండవచ్చునని సమాజం మొదటిసారి ఒప్పుకున్నది ఆ చీటీ వల్లే. విశ్రాంతికి అప్పుడు ఒక సాకు కావలసి వచ్చింది. ఇప్పటికీ మనలో చాలామందికి కావాలి.

ఆ స్నానం ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూడాలి. నాలుగు చక్రాల మీద చెక్క గది. ఒడ్డున ఎక్కి తలుపు వేసుకుంటే లోపల దాదాపు చీకటే, పైన ఎక్కడో చిన్న కిటికీ. గుర్రం దాన్ని నీళ్లలోకి లాగుతుంటే, ఆ కుదుపుల్లోనే బట్టలు మార్చుకోవాలి. బండి ఆగాక సముద్రం వైపు తలుపు తెరిచి మెట్లు దిగితే, నడుము లోతు నీళ్లలో ఒక దృఢమైన స్త్రీ నిలబడి ఉంటుంది. వచ్చిన మనిషిని పట్టుకుని చన్నీటి అలలో ముంచి లేపడమే ఆమె ఉద్యోగం. బ్రైటన్‌లో ఈ పని చేసిన మార్తా గన్ దేశమంతా పేరు తెచ్చుకుంది. 1789లో మూడవ జార్జి రాజు వేమత్‌లో నీళ్లలో మునగగానే, పక్క బండిలో దాక్కున్న వాద్యబృందం రాజగీతం అందుకుందని రచయిత్రి ఫానీ బర్నీ తన దినచర్యలో రాసుకుంది. రాజుకైనా సముద్రం దగ్గర ఏకాంతం దొరకలేదన్నమాట. కానీ ఆ చెక్క గదిలో తలుపు మూసుకున్న కొద్ది నిమిషాలు మామూలు మనిషికి దొరికాయి. ఈనాటి రిసార్టు గదికి దాన్నే తొలి రూపంగా నేను భావిస్తాను.

రాజులు వస్తే కొలువు వస్తుంది, కొలువు వెంట వ్యాపారం వస్తుంది. యువరాజు కోసం జాన్ నాష్ బ్రైటన్‌లో గుమ్మటాల రాజభవనం కట్టాడు. 1841లో లండన్ నుంచి రైలు పడింది. 1871 చట్టంతో బ్యాంకు సెలవులు వచ్చాయి. ఆదివారం టికెట్టు కొనుక్కున్న గుమాస్తా, మిల్లు కార్మికుడు పిల్లాపాపలతో దిగిపోయారు. జనం రాగానే ధనికులు దూరం జరిగారు. ఈ కథలో ఈ ఘట్టం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

వాళ్లు జరిగింది దక్షిణ ఫ్రాన్సు తీరానికి. అంతకుముందే, 1834లో నీస్ నగరానికి బయలుదేరిన బ్రూమ్ ప్రభువు కలరా కట్టడి వల్ల సరిహద్దు దాటలేక, కాన్ అనే జాలరి పల్లెలో ఆగి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్లు వచ్చారు. అప్పట్లో అది చలికాలపు విడిది. వేసవిలో హోటళ్లు మూసేసేవారు, ఎండ తగిలితే రంగు మారుతుందని గొడుగులు పట్టేవారు. 1903లో స్విట్జర్లాండులోని లేజాన్‌లో ఆగస్ట్ రోలియే క్షయ రోగులను ఎండలో పడుకోబెట్టి చికిత్స మొదలుపెట్టాడు. కాంతి చికిత్సకు నీల్స్ ఫిన్సెన్‌కు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. ఇరవై ఏళ్లకు ఆ వైద్యం ఫ్యాషన్ అయింది. 1923లో జెరల్డ్, సారా మర్ఫీ అనే అమెరికన్ దంపతులు ఆంటిబ్‌లోని హోటల్ దు కాప్ యజమానిని వేసవిలో కూడా తెరిచి ఉంచమని ఒప్పించారు. బీచ్‌లో పడుకుని ఎండ కాచుకోవడం అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

మన తీరంలో ఈ గాలి దొరలతో వచ్చింది. విశాఖపట్నం దొరలు వాల్తేరు మిట్టలెక్కి గాలి మార్పు వెతుక్కున్నారు. 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు గోపాల్‌పూర్‌లో పామ్ బీచ్ హోటల్ కట్టాడు. అప్పటికి ఆ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఒబెరాయ్ దాన్ని కొన్నాడు. నన్ను ఆపేది ఇంకో సంగతి. అదే గోపాల్‌పూర్ రేవు నుంచి తెలుగు, ఒడియా కూలీలు పొట్టకూటి కోసం రంగూన్ ఓడలెక్కారు. ఒకే ఇసుక మీద ఒకరు విశ్రాంతికి దిగారు, ఇంకొకరు చాకిరీకి బయలుదేరారు. తీరపు సుఖం గురించి రాసేటప్పుడు ఈ రెండోవాళ్లను మరిచిపోతే అది సగం చరిత్రే.

అందుకే ఈ మూడు శతాబ్దాల్లో అన్నిటికంటే గొప్ప సంఘటన ఏ హోటల్ ప్రారంభమూ కాదంటాను. 1936లో ఫ్రాన్సులో లియోన్ బ్లూమ్ ప్రభుత్వం కార్మికులందరికీ జీతంతో రెండు వారాల సెలవు ఇచ్చింది. చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది ఆ వేసవిలోనే. 1938లో బ్రిటన్ ఆ దారి పట్టింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఏడాది పాటు పనిచేసిన కార్మికుడికి ప్రతి ఇరవై పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇచ్చింది. విశ్రాంతి దయాధర్మం నుంచి హక్కయింది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకు మాత్రం అటువంటి చట్టం ఇప్పటికీ లేదు.

యుద్ధం తర్వాత 1950లో జెరార్ బ్లిట్జ్ మయోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ అనే సెలవుల విడిది మొదలుపెట్టాడు. అక్కడంతా సామూహిక జీవితమే. ఏకాంతం వైపు నడిచినవి దీవుల రిసార్టులు. 1967లో తాహితి సమీపంలోని రయాతియా దీవిలో ముగ్గురు అమెరికన్ మిత్రులు హోటల్ పెట్టారు కానీ, వాళ్ల స్థలానికి సరైన ఇసుక తీరం లేదు. చేసేది లేక గుంజలు పాతి నీళ్ల మీదే గదులు కట్టారు. ఇవాళ లక్షలు పోసి ఉండే వాటర్ విల్లా ఆ లోటులోంచి పుట్టిందే.

మాల్దీవుల్లో పర్యాటకం సాగదని ఐక్యరాజ్యసమితి నిపుణులు 1960లలో తేల్చేశారు. బ్యాంకు లేదు, సరైన విమానాశ్రయం లేదు. అయినా 1972లో కురుంబా అనే రిసార్టు తెరుచుకుంది. ముప్పై గదులు, పగడపు రాళ్ల గోడలు, కొబ్బరాకుల కప్పు. జనం లేని ఒక్కో దీవికి ఒక్కో రిసార్టు అన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. అతిథికి ఏకాంతం దొరికింది, స్థానికుడికి తన దేశపు అందమైన ఇసుకే దూరమైంది. జనావాస దీవుల్లో గెస్ట్ హౌసులకు అనుమతి 2009 తర్వాత గానీ రాలేదు. ఇందుకు భిన్నంగా కోవళంలో 1970ల ఆరంభానికి చార్లెస్ కొరియా రూపొందించిన ప్రభుత్వ హోటల్ నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. కొండవాలులో మెట్లు మెట్లుగా గదులను ఒదిగించి, ఒక్కోదానికీ సముద్రం వైపు ఒక అరుగు ఇచ్చాడు. పక్క గది చూపు పడదు, కింద ఊరివాళ్ల బీచ్ ఊరివాళ్లదే.

ఇన్ని గదులు కట్టినా ఒంటరి అతిథికి, ముఖ్యంగా స్త్రీకి, తలుపు సులువుగా తెరుచుకోలేదు. 1907లో న్యూయార్క్‌లోని ఒక హోటల్, వెంట మగవాడు లేడని హారియట్ స్టాంటన్ బ్లాచ్ అనే మహిళకు భోజనం పెట్టనంది. ఆమె కోర్టుకెక్కి ఓడిపోయింది. 1955లో యాన్ మారో లిండ్‌బర్గ్, ఫ్లోరిడాలోని కాప్టివా దీవిలో గడిపిన ఏకాంతాన్ని ఆధారం చేసుకుని ‘గిఫ్ట్ ఫ్రమ్ ది సీ’ ప్రచురించింది. ఆమె భర్త 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటితే లోకం నీరాజనాలు పట్టింది. ఐదుగురు పిల్లల తల్లి కొన్నాళ్లు ఒంటరిగా ఒడ్డున కూర్చోవడానికి మాత్రం ఒక పుస్తకమంత సంజాయిషీ అవసరమైంది. ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయిందంటే, అదే ఆకలి ఎందరిలో ఉందో తెలుస్తుంది.

ఇవాళ ఆడపిల్లలు ఒంటరిగా గోవాకో గోకర్ణకో వెళ్తున్నారు. మంచి మార్పు. కానీ రిసార్టు గదికి ధర ఇంకా ఇద్దరిని లెక్కపెట్టే వేస్తున్నారు. ఒక్కరే వెళ్లినా దాదాపు అంతా కట్టాలి. ‘ఒక్కరేనా?’ అని కౌంటరు దగ్గర అడిగే ప్రశ్నా పోలేదు. మనకు రుషికొండ ఉంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకుంది. సూర్యలంక ఉంది, భీమిలి ఉంది. ఇసుకను ప్రైవేటు కంచెలకు అప్పగించకుండా, జాలర్ల పడవల చోటు లాక్కోకుండా, ఒక్కరు వెళ్లి భద్రంగా ఉండగల గదులు కొన్నిటిని ఒక్కరి ధరకే ఇవ్వడం పర్యాటక శాఖకు సాధ్యమయ్యే పనే. ఆ పని మొదలుపెట్టాలి. ఈలోగా మీ ఇంట్లో అమ్మో, అక్కో, భార్యో నాలుగు రోజులు ఒంటరిగా సముద్రం దగ్గరికి వెళ్లొస్తానంటే కారణం అడగకండి, రైలు టికెట్టు తీసివ్వండి.