ధర్మవైద్యశాలలు: వైద్యుడును, కాయస్థుడును

అన్నదానము, విద్యాదానము, ఔషధదానము అను మూడింటిని మన పెద్దలు గొప్ప దానములుగా నెన్నిరి. మొదటిది ఆ పూట ఆకలిని తీర్చును. రెండవది జన్మమంతయు తోడువచ్చును. మూడవది ఆ జన్మమునే నిలుపును. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా రెండవ దానమును నడపుచున్నది. ఈ రజతోత్సవ సంచికయందు మూడవదానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అప్రస్తుతము కాదని తలచుచున్నాను. డబ్బు పుచ్చుకొనక బీదలకు వైద్యము చేయు శాలలు పూర్వమెట్లుండెను, వానిని ఎవరు నడపిరి, అవి ఏ బలముచే నిలిచెను అనునదియే ఈ వ్యాసవిషయము.

మన దేశమున నిందుకు దొరకిన పాత వ్రాతలలో ముఖ్యమైనది అశోకుని రెండవ శిలాశాసనము. అది క్రీ. పూ. 3వ శతాబ్దమునాటిది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండ బండలపై కూడ ఆ చక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి గనుక ఇది మనకు పరాయి వార్త కాదు. తన రాజ్యమునందును, చోళ పాండ్యాది పొరుగు దేశములందును, యవనరాజగు అంతియోకుని దేశమునందును మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచితినని అశోకుడు చెప్పుకొనెను. అంతతో ఆగక, మందుమొక్కలు లేనిచోట వానిని తెప్పించి నాటించినట్లును చెప్పెను. ఈ మొక్కల మాట గమనింపదగినది. వైద్యుని ఒకనాడు పిలిపింపవచ్చును; మందు ఏటేట ఎక్కడినుండి వచ్చునో ముందుగా తలపోయువాడే వైద్యశాలను నిలుపగలడు.

క్రీ. శ. 5వ శతాబ్దపు తొలిదినములలో ఫాహియాను అను చీనా బౌద్ధభిక్షువు పాటలీపుత్రమునకు వచ్చెను. అచటి వైశ్య గృహస్థులు దానశాలలను, ఔషధశాలలను కట్టించిరని ఆయన వ్రాసెను. బీదలు, అనాథలు, అవిటివారు, రోగులు అచటికి పోవుదురట, వైద్యులు పరీక్షింతురట, తగిన ఆహారమును మందును ఇత్తురట, నెమ్మదించిన పిదప వారంతట వారే వెడలిపోవుదురట. ఇందు రాజు పేరు లేదు. వర్తకులు, గృహస్థులు తమలో తాము పూనుకొని చేసిన పని ఇది. ప్రజలు నడపు ధర్మవైద్యశాలకు మన దేశమున ఇంతకన్న పాత సాక్ష్యము మఱియొకటి నే నెఱుగను.

దక్షిణదేశమునకు వచ్చినచో, 11వ శతాబ్దమున వీరరాజేంద్ర చోళుని కాలపు తిరుముక్కూడలు శాసనము కన్నులకు కట్టినట్లు చెప్పును. కాంచీపురమునకు చేరువను మూడు నదులు కలియుచోట నున్న ఆ ఆలయమున పదునైదు మంచముల ఆసుపత్రి యుండెను. కాయచికిత్స చేయు వైద్యుడొకడు, శస్త్రము చేయువాడొకడు, మూలికలు తెచ్చి మందులు వండు పరిచారకు లిద్దరు, రోగులకు పథ్యపానములు చూచు స్త్రీ లిద్దరు, మంగలి యొకడు, నీళ్లవాడొకడు, వీరందఱికిని జీతము నిర్ణయింపబడినది. వాసాహరీతకి, దశమూలహరీతకి, బిల్వాదిఘృతము, కల్యాణలవణము మొదలగు మందులు నిల్వయుండవలెనని పట్టికయే చెక్కించిరి. ఈ దినపు మందుల కొట్టువానికైనను ఇంతకన్న చక్కని నిల్వచిట్టా యుండదు. అయితే ఒక్కమాట. ఆ శాల అచటి వేదపాఠశాల విద్యార్థులకును, ఆలయోద్యోగులకును ఉద్దేశింపబడినది. మంచములు లెక్కకు వచ్చెను గాని ద్వారము అందఱికిని తెఱవబడలేదు.

ద్వారమును ఇంకను వెడల్పు చేసినది మన ఆంధ్రదేశము. గుంటూరు జిల్లాలో మందడమునకు చేరువ మల్కాపురమున ఒక శిలాస్తంభము కలదు. దానిపై నున్న శాసనము శకవర్షము 1183, అనగా క్రీ. శ. 1261 నాటిది. కాకతి గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువగు విశ్వేశ్వర శివాచార్యులు గౌడదేశమునుండి వచ్చిన మహాపండితుడు. గణపతిదేవుడు ఆయనకు మందడ గ్రామమును ఇయ్యదలచెను. ఆయన కుమార్తె రుద్రమదేవి దానిని ధారపోసి, వెలగపూడిని కూడ చేర్చి యిచ్చెను. నేడు రాష్ట్ర సచివాలయము కట్టియున్న వెలగపూడియే అది.

శివాచార్యులు ఆ యాదాయమును తన సుఖమునకు వాడుకొనలేదు. బ్రాహ్మణులకు భూములిచ్చిన పిదప మిగిలినదానిని మూడు పాళ్లు చేసెను. ఒక పాలు దేవునికి. ఒక పాలు మఠమునకును విద్యార్థుల భోజనమునకును. మూడవ పాలు ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును. కాన్పునకు వచ్చు స్త్రీలకొఱకు వేఱుగా ఒక శాల యుండవలెనని 760 ఏండ్లకు పూర్వమే మన నేలపై రాతిలో వ్రాసిరి. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు ఎవరు ఏ వేళ వచ్చినను అన్నము పెట్టవలెనని కట్టడి చేసిరి. ఆ కాలపు కులవ్యవస్థ తలచుకొన్నచో ఇది చిన్నమాట కాదు.

అచటి ఉద్యోగుల పట్టిక మఱింత ఆలోచింపదగినది. వేదములు చెప్పువారు ముగ్గురు, తర్క సాహిత్య ఆగమములు చెప్పువారు అయిదుగురు, వైద్యుడొకడు, కాయస్థుడొకడు. కాయస్థుడనగా లెక్కలు వ్రాయువాడు. ముప్పదేండ్లుగా సహకార సంఘపు పద్దులు వ్రాయుచున్న నాకు ఈ చివరిమాట చదివినపుడు కలిగిన సంతోషమును చదువరులు మన్నింతురు గాక. స్వోత్కర్షకై దీని నెత్తి చెప్పుటలేదు. వైద్యుని పేరు ప్రక్కనే లెక్కలవాని పేరు చెక్కించిన శివాచార్యుని దూరదృష్టి నాకు అబ్బురముగా తోచినది. కరుణ వైద్యశాలను తెఱపించును. పద్దు దానిని మఱునాడును తెఱచియుంచును. ఏ భూమి ఫలము ఏ శాలకో, ఎవరికి ఎంతయో వ్రాసియుంచనిచో, దాత కన్నుమూసిన ఏడే ధర్మమును కన్నుమూయును.

ఇట్టి యోచన మనకే గాక పాశ్చాత్యులకును కలిగినది. లండను నగరమున 1770లో ఆల్డర్స్‌గేటు వీథిలో బీదలకు ఉచితముగా మందులిచ్చు డిస్పెన్సరీ ఒకటి వెలసెను. జాన్ కోక్లీ లెట్సమ్ అను వైద్యుడు అందు ప్రసిద్ధుడు. రోగులను మంచములపై ఉంచుకొనుట గాక, వచ్చినవారికి మందులిచ్చుట, రాలేనివారి ఇండ్లకు పోయి చూచుట దాని పద్ధతి. 1786లో అమెరికాయందు ఫిలడెల్ఫియాలో అట్టిదే స్థాపింపబడెను. ఇవి రెండును చందాలపై నడచినవి. మన గ్రంథాలయమువలెనే ఏటేట చందా కట్టినవారు సభ్యులు. కాని అచట నొక కట్టుబాటు కలదు: రోగి చందాదారునొద్దనుండి సిఫారసు ఉత్తరము తేవలెను. జ్వరముతో వణకుచున్నవాడు మొదట దొరగారి వాకిట నిలువవలెను. పిదప వైద్యుని వాకిట నిలువవలెను. చందా వలన పద్దు నిలిచెను. ఉత్తరము వలన ద్వారము ఇఱుకయ్యెను.

ఆ ఉత్తరమును తీసివేసినవారు 20వ శతాబ్దపువారు. అమెరికాలో వైద్యమునకు చాలమట్టుకు భీమాయే ఆధారము. ఆ భీమా పెక్కుమందికి ఉద్యోగమువలన వచ్చును. 1965లో వృద్ధులకొకటి, కడుబీదలకొకటి ప్రభుత్వ పథకములు ఏర్పడెను. అయినను చిన్న జీతగాండ్రు, పని పోయినవారు నడుమ జాఱిపోయిరి. 1967 జూను 7వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున హైట్ ఆష్‌బరీ అను పేటలో డేవిడ్ స్మిత్ అను యువవైద్యుడు ఉచిత వైద్యశాలను తెఱచెను. వైద్యము హక్కే గాని ప్రసాదము కాదనునది దాని సిద్ధాంతము. వైద్యులును దాదులును జీతము లేక పనిచేసిరి. సంగీత కచేరీల వసూళ్లు ఖర్చులకు తోడ్పడెను. దానిని చూచి ఆ దేశమున ఊరూర అట్టివి వెలసెను.

అత్యవసరమున వచ్చినవానిని డబ్బు లేదని త్రోసిపుచ్చరాదని అచట 1986లో శాసనము చేసిరి. కాని ఆ శాసనము ప్రాణము మీదికి వచ్చినపుడే పనికివచ్చును. ప్రాణము మీదికి రాకుండ దినదినము మ్రింగవలసిన మందుబిళ్లను అది ఇయ్యదు. ఆ లోటును ఉచిత వైద్యశాలలు తీర్చుచున్నవి. 2010లో భీమాను విస్తరింపజేయు చట్టము వచ్చి ఎందఱికో మేలు చేసినది. అయినను 2023లో భీమా లేనివారు అచట రెండున్నర కోట్లకు పైబడియుండిరి. అంత సంపదగల దేశమునకే ఈ శాలలు అక్కఱ కలిగినవనిన, ధనము పెరిగినంతనే ధర్మశాల అనవసరమగునను వాదము నిలువదు.

మన సంగతికి వత్తము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ఆరంభమైనది. పెద్ద జబ్బులకు, శస్త్రచికిత్సలకు ఆసుపత్రి ఖర్చు భరించుట దాని ముఖ్యోద్దేశము. దానివలన ప్రాణము దక్కినవారు మన చుట్టుప్రక్కల ఎందఱో కలరు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున మందులును ఇత్తురు. కాని అచటికి పోయి వరుసలో నిలిచి వచ్చుట కూలివానికి ఒక దినపు కూలి. అందుచే చక్కెర జబ్బు, రక్తపుపోటు గలవారు మందు తీరినపుడు రేపు పోదమనుకొందురు. ఆ రేపు పక్షవాతముతో తెల్లవాఱును. పంట పేరున తీసికొన్న అప్పు వైద్యమునకు చెల్లిపోయిన కుటుంబములను నా పద్దులలో అనేకములు చూచితిని. ఆవర్జాలో అది ఎరువుల ఖర్చు. ఇంటిలో అది మందుల ఖర్చు.

మన గ్రంథాలయపు వసారాలో నెలకు రెండు ఆదివారములు పట్టణమునుండి వైద్యుడు వచ్చి ఉచితముగా చూచుట చదువరులకు తెలిసినదే. మందుల పెట్టె చాలకాలము ఒక్క పుణ్యాత్ముని దయపై నిండినది. ఆయన కాలధర్మము నొందిన పిదప మూడు మాసములు అది వట్టిదై యుండెను. వైద్యుడు వచ్చెను, రోగులు వచ్చిరి, చీటీ వ్రాసి ఇచ్చెను, ఆ చీటీలు పట్టుకొని ముసలివాండ్రు ఇండ్లకు పోయిరి. పిదప యువకులు చందాలెత్తి పెట్టెను నింపిరి. ఇది వారికి కీర్తి. అయినను ఏటేట చేయి చాపవలసిన ధర్మము ఏదో ఒక ఏట ఆగును.

కావున రజతోత్సవ సందర్భమున సభ్యులకు మనవి చేయునది ఇది. గ్రంథాలయ స్థలమందలి రెండు దుకాణపు గదుల అద్దెలో మూడవ పాలును మందుల పెట్టెకు తీర్మానపూర్వకముగా కేటాయింపవలెను. జమ, ఖర్చు, మందుల నిల్వ ప్రతి మాసము నోటీసు పలకపై అంటింపవలెను. వచ్చినవానిని ఏ వీథివాడవని గాని, ఎవరు పంపిరని గాని అడుగరాదు. మల్కాపురపు రాయి మనకు నేర్పినది మొదటి రెండు. సిఫారసు ఉత్తరముల చరిత్ర నేర్పినది మూడవది.

వైద్యుడు మనకు దొరకినాడు. కాయస్థుని పనికి జీతము లేకయే నేను సిద్ధముగా నున్నాను. నా తరువాత వ్రాయుటకు మన పాఠశాలలో లెక్కలు నేర్చిన పిల్లలు ఉన్నారు. ఇక కావలసినది మూడవ పాలు. అది సభ్యుల చేతిలోనిది.