రెండు నదుల నడుమ కేరో

ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణాన సన్నబడి సన్నబడి ఆగిపోయే చోట ఒహాయో నది వచ్చి మిసిసిపీలో కలుస్తుంది. అక్కడ ఎక్కువ నీళ్లు తెచ్చేది ఒహాయోనే అయినా, కలిశాక పేరు మిసిసిపీకే మిగిలింది. రాష్ట్రం మొత్తంలో అంతకన్నా పల్లపు నేల లేదు. ఆ పల్లంలో, చుట్టూ కరకట్ట పోసుకుని వెలసిన ఊరు కేరో. 1920 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో 15,203 మంది ఉన్నారు. 2020 నాటికి 1,733 మంది మిగిలారు.

ఈ పతనానికి నదులే కారణమని దూరాన ఉన్నవాళ్లు అనుకోవచ్చు. కానీ 1937లో ఒహాయో పొంగి లూయివిల్, పడూకా పట్టణాలను ముంచేసినప్పుడు కూడా కేరో కరకట్ట నిలబడింది. ఊరికి చేటు వచ్చింది బయటినుంచి కాదు.

ఆ ఊరు చూసిన వైభవం తక్కువేం కాదు. 1861లో, అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, జనరల్ గ్రాంట్ ఇక్కడ మకాం పెట్టి, ఇక్కడినుంచే దక్షిణాదిపైకి సేనలు నడిపాడు. బానిసత్వం నుంచి పారిపోయిన నల్లవాళ్లు వేలమంది ఇక్కడికే చేరారు. మార్క్ ట్వేన్ నవలలో హక్, జిమ్ తెప్ప మీద వెతుక్కుంటూ వచ్చి, పొగమంచులో దాటిపోయిన ఊరు ఇదే. నండూరి రామమోహనరావు అనువాదంలో 'హకల్‌బెరీ ఫిన్' చదివిన తెలుగువాళ్లకు ఈ పేరు కొత్త కాదు. యుద్ధం ముగిశాక ఆవిరి పడవలు, రైళ్లు, పిండిమిల్లులతో ఊరు కళకళలాడింది. 1889లో ఒహాయో మీద రైలు వంతెన పడింది. అంతవరకూ పెట్టెలను పడవల మీద నది దాటించిన రైళ్లు ఇక ఆగకుండా సాగిపోయాయి. రేవుకు దెబ్బ తగిలింది నిజమే, కానీ దానివల్లే ఊరు చావలేదు. ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా జనం పెరుగుతూనే వచ్చారు.

అసలు చేటు ఎక్కడిదో తెలియాలంటే 1909 నవంబరు 11 రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. ఒక తెల్ల యువతిని చంపాడన్న ఆరోపణ మీద విల్ జేమ్స్ అనే నల్లజాతి మనిషిని వేలమంది గుంపు షెరీఫ్ చేతుల్లోంచి లాక్కుంది. ఊరి అందానికని వీధి మీద కట్టిన విద్యుద్దీపాల తోరణానికి అతణ్ణి ఉరివేశారు. తాడు తెగితే తుపాకులతో కాల్చారు, ఆపైన శవాన్ని తగలబెట్టారు. ఆ దృశ్యాలను పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మారు. ఐడా వెల్స్ అనే నల్లజాతి పాత్రికేయురాలు ఆ ఊరికి వెళ్లి సాక్ష్యాలు సేకరించి, గవర్నరు ముందు వాదించింది. ఆ ఘటనతో పదవి పోయిన షెరీఫ్‌ను గవర్నరు తిరిగి ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు.

తర్వాతి తరాల్లోనూ ఊరి బుద్ధి మారలేదు. కేరోలో స్విమ్మింగ్ పూల్ తెల్లవాళ్లకు మాత్రమే. 1962లో డానీ లయన్ తీసిన ఒక ఫొటోలో, దాని ఎదుట కాలిబాట మీద మోకాళ్లూని ప్రార్థిస్తున్న యువకుల్లో జాన్ లూయిస్ ఉన్నాడు. తర్వాతి కాలంలో ఆయన దేశమంతా గౌరవించే అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. పక్కనే ఒక చిన్నపిల్ల కూడా ఉంది. ఆ పిల్లను నీళ్లలో దిగనివ్వడం ఇష్టంలేక పూల్‌నే మూసేశారు. తర్వాత దాన్ని కాంక్రీటు పోసి పూడ్చేశారు. అక్కడి ఎండ ఎంత తీవ్రమో ఆ పల్లంలో వేసవి గడిపినవాళ్లకే తెలుస్తుంది. తమ పిల్లలూ ఈదకపోయినా ఫరవాలేదనుకున్నారు ఆ తెల్ల తల్లిదండ్రులు. ఈ కథంతటిలో నా మనసును ఎక్కువగా పిండేది ఇదే.

1967లో సెలవు మీద ఇంటికొచ్చిన 19 ఏళ్ల సైనికుడు రాబర్ట్ హంట్ పోలీస్ స్టేషన్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు. నల్లవాడలో ఎవరూ నమ్మలేదు. ఊరు మండింది, నేషనల్ గార్డు దిగింది. తెల్లవాళ్లు ఆయుధాలతో దళం కట్టుకున్నారు. 1969లో రెవరెండ్ చార్లెస్ కోయెన్ నాయకత్వంలో నల్లవాళ్లు దుకాణాలను బహిష్కరించారు. కౌంటరు ముందు నిలబడి డబ్బిచ్చే మాకు, కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం ఎందుకివ్వరన్నదే వాళ్లు అడిగినది. ఆ ఉద్యోగాలివ్వడం కన్నా తలుపులు మూసుకోవడమే మేలనుకున్నారు చాలామంది వ్యాపారులు. కమర్షియల్ అవెన్యూ వీధి అలా ఖాళీ అయింది. 1960లో 9,348 మంది ఉన్న ఊళ్లో పదేళ్లకు 6,277 మందే మిగిలారు. 1978లో హైవే వంతెన ఊరికి ఎగువన పడింది. 1986లో ఆస్పత్రి మూతపడింది.

2011లో నీళ్లు మళ్లీ కరకట్ట అంచు దాకా వచ్చాయి. మే 2 రాత్రి సైనిక ఇంజనీర్లు ఎదుటి ఒడ్డున, మిస్సోరీలో బర్డ్స్ పాయింట్ గట్టును పేల్చారు. 1,30,000 ఎకరాలు మునిగి కేరో బతికింది. ఆ నీళ్లలోనే నల్లజాతి రైతులు కట్టుకున్న పిన్‌హుక్ అనే పల్లె పూర్తిగా పోయింది. ఆ పల్లె పేరు కూడా గుర్తుంచుకోవాలి.

2017లో ఎల్మ్‌వుడ్, మెక్‌బ్రైడ్ సర్కారీ ఇళ్లు నివాసయోగ్యం కావంటూ కూల్చివేతకు నిర్ణయించారు. అద్దె సాయం చేతికిచ్చారు గానీ, ఉండటానికి ఊళ్లో వేరే ఇళ్లు లేవు. కుటుంబాలు బడిపిల్లలతో సహా తరలిపోయాయి.

ఇప్పుడు మిగిలినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. షికాగో నుంచి 57వ నంబరు హైవే మీద దక్షిణానికి వెళ్లే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నది దాటకముందే హైవే దిగండి. కూలిన మేడల ఫొటోలు తీసుకుని తిరిగి రాకండి. ఏదైనా కొనండి, ఎవరినైనా పలకరించండి, వాళ్ల ఊరి గురించి వాళ్లనే చెప్పనివ్వండి.