చెకుముకి తుపాకీ ఇంట్లో ఉంచుకోవచ్చా? 'బాగుచేస్తే' జైలేనా.. రూల్స్ ఏం చెబుతున్నాయంటే!

హైదరాబాద్: చారిత్రక సినిమా వచ్చిన ప్రతిసారీ ఫిల్మ్‌నగర్ ప్రాప్స్‌లో కనిపించే పాతకాలం తుపాకీల మీద అందరి కళ్లూ పడతాయి. అలాంటిదొకటి హాల్లో గోడకు తగిలించుకోవాలన్న సరదా జూబ్లీహిల్స్‌లోనూ ఉంటుంది, అమెరికా నుంచి వచ్చే మనవాళ్లకూ ఉంటుంది. అయితే అది పేలేదా, పేలనిదా? చట్టం మొదట చూసేది ఇదే.

అసలు ఎలా పేలుతుంది?
గొట్టం మూతి నుంచి నల్లమందు, గుండు వేసి కడ్డీతో కూరతారు. ట్రిగ్గర్ నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు పక్కనున్న చిన్న పళ్లెంలోని మందును అంటిస్తాయి. ఆ మంట సన్నని రంధ్రం గుండా లోపలికి వెళ్తుంది. అప్పుడు గుండు బయటికొస్తుంది. వానలో మందు తడిస్తే అంతే సంగతులు!

హైదరాబాద్‌కూ లింక్ ఉంది
నిజాం సైన్యాన్ని యూరప్ పద్ధతిలో నడిపిన ఫ్రెంచ్ సేనాని రేమండ్ కాలం ఈ తుపాకీలదే. ఆయన 1798లో చనిపోయారు. గన్‌ఫౌండ్రీ పేరు ఆనాటి ఫిరంగుల కార్ఖానా నుంచి వచ్చిందే. 'సైరా నరసింహారెడ్డి' కథ నడిచిన 1840ల నాటికి బ్రిటిష్ సైన్యం చెకుముకి రాయి వదిలి, పేలుడు క్యాప్ తుపాకీలకు మారుతోంది.

ఇప్పటికీ తయారవుతున్నాయి
ఇటలీకి చెందిన పెడెర్సోలి లాంటి కంపెనీలు కొత్తవి చేస్తున్నాయి. అమెరికా ఫెడరల్ చట్టం వీటిని మామూలు తుపాకీల్లా చూడదు. అక్కడి షూటర్లు రాయి మార్చడం, లాక్ నునుపు చేయడం లాంటి మెరుగులు దిద్దుతారు. నల్లమందు మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది కాబట్టి, కాల్చాక గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తారు.

ఇక్కడ మాత్రం లెక్క వేరు
* పేలుడు శక్తితో గుండు విసిరేది ఏదైనా ఆయుధ చట్టం-1959 ప్రకారం తుపాకీయే. కొత్త నమూనా అయినా లైసెన్స్ కావాలి. విదేశాల నుంచి తేవాలన్నా అనుమతి తప్పనిసరి.
* రిపేరు చేసినా పనిచేయని పాత తుపాకీకి సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. 'రిపేరు చేసినా' అన్న మాటే కీలకం. తాత ఇచ్చినది కదా అంటే కుదరదు.
* బొమ్మ తుపాకీని పేలేలా మార్చినా, గొట్టం కురచ చేసినా సెక్షన్ 6 వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు.
* ఒక్కరి దగ్గర రెండుకు మించి తుపాకీలు ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా అంతే.
* పంట రక్షణకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలు సెక్షన్ 13లో ఉంది. గోడ అలంకరణకు ఆ వెసులుబాటు లేదు.

సెట్‌లో ఉన్నా 'ఉత్తదే' అనుకోవద్దు
2021 అక్టోబర్ 21న అమెరికాలో 'రస్ట్' సినిమా రిహార్సల్‌లో ప్రాప్ రివాల్వర్ నుంచి నిజమైన తూటా దూసుకొచ్చింది. సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ ప్రాణాలు పోయాయి. పాత తుపాకీతో మరో ముప్పు ఉంది. లోపల ఎప్పుడో దట్టించిన మందు అలాగే ఉండిపోవచ్చు. బయటికి చూస్తే తెలియదు.

మరేం చేయాలి?
ఇంట్లో పాతది దొరికితే ట్రిగ్గర్ నొక్కి చూడొద్దు, మంట దగ్గర పెట్టొద్దు, లోకల్ మెకానిక్‌తో బాగుచేయించొద్దు. ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. హైదరాబాద్‌లో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనరే. చూసి మురిసిపోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత ఆయుధాల గ్యాలరీ ఉండనే ఉంది. గోడకే కావాలంటే గొట్టం పూర్తిగా మూసేసిన అలంకరణ నమూనా చాలు. అందానికి అందం!