దారుష్షిఫా: దీనుల ఆరోగ్య నిలయం

జకాత్ సొమ్ము ఎవరెవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ ఎనిమిది పద్దులుగా నిర్దేశించింది. ఆ వరుసలో మొదటివాడు నిరుపేద, చివరివాడు బాటసారి. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాదులో నెలకొల్పిన దారుష్షిఫా ఈ ఇద్దరినీ ఆదరించింది. నగరానికి పునాది పడి అప్పటికి నాలుగేళ్ళే!

నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల గదులు. యూనానీ హకీములు రోగులకు ఉచితంగా చికిత్స చేస్తూ, శిష్యులకు వైద్యవిద్య బోధించేవారు. హకీముల జీతభత్యాలను ప్రభుత్వమే భరించేది. బాటసారులకు సమీపంలోనే సరాయి ఉండేది.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. కాలక్రమాన దారుష్షిఫాలో వైద్యం ఆగిపోయింది. 1866లో నవాబు అఫ్జలుద్దౌలా కాలంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వెలసింది. 1908 మూసీ వరద దానిని కూల్చివేయగా, ఆ వారసత్వాన్ని 1925 నాటికి పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రి భవనం అందుకొంది.

దారుష్షిఫా నేడు ఒక పేట పేరు. గోడలు నిలిచినంత మాత్రాన సేవ నిలవదు. దానికి తరగని రాబడి కావాలి. ఆస్తిని చెక్కుచెదరనీయక, దాని ఫలాన్ని మాత్రమే దీనులకు చేర్చే వక్ఫ్ ధర్మం ఏర్పడింది ఇందుకే. నేటి ముతవల్లీలు దారుష్షిఫా గోడల నుండి నేర్వవలసిన పాఠమిదే.