తాలూకా కచేరీ నుండి వాట్సాప్ దాకా

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలే కానక్కరలేదు. మన కళ్ళ ముందు పుట్టి, మన జేబులోకి వచ్చి కూర్చున్నది కూడా చరిత్రే. అందుచేత సామాజిక మాధ్యమాలు ఎలా పెరిగాయో, వాటివల్ల మన సొంత విషయాల గోప్యత ఏమయిందో వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెబుతాను.

నేను 1972లో చేవెళ్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. అప్పటికి మనది హైదరాబాదు జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 1985లో మండలాలు వచ్చాక మొయినాబాద్‌కు వేరే ఆఫీసు వచ్చింది. ఆ రోజులలో రికార్డు గదికి ఒక తాళం, ఆ తాళంచెవికి ఒక బాధ్యుడు. పహాణీ నకలు కావాలంటే దరఖాస్తు పెట్టాలి, స్టాంపు అంటించాలి, రిజిస్టరులో ఎక్కాలి, తీసుకున్నవాడు సంతకం చేయాలి. ఫైలు ఒక బల్ల మీది నుండి మరొక బల్ల మీదికి పోయినా ఎప్పుడు, ఎవరికి అన్నది వ్రాసి ఉండేది. ఉద్యోగుల కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు సీలు వేసిన కవర్లలో వెళ్ళేవి. మేమంతా సత్యహరిశ్చంద్రులమని చెప్పను. కాని కాగితం బయటికి పోతే ఎవరి చేతి మీదుగా పోయిందో తెలిసేది.

మనలో చాలామంది ఇళ్ళలోకి ఈ మాధ్యమాలు పిల్లల మూలంగానే వచ్చాయి. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక నూట ఎనిమిది చేసి విమానమెక్కిన పిల్లలు మనకు ఎందరో ఉన్నారు. వారి ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసిన రోజులు పోయి, ఎస్టీడీ బూతు రోజులు వచ్చాయి. అవీ పోయాయి. 2004 జనవరిలో గూగుల్ వారి ఆర్కుట్, ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ పుట్టాయి. మొదట కాలేజీ పిల్లలకే పరిమితమైన ఫేస్‌బుక్ 2006లో పదమూడేళ్ళు నిండిన అందరికీ తలుపు తెరిచింది. 2010లో మన దేశంలో తన మొదటి ఆఫీసును హైదరాబాదులోనే పెట్టింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. 2009లో పుట్టిన వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్ చవక కావడంతో పల్లెపల్లెకూ వాట్సాప్ చేరింది. మన పెన్షనర్లు కూడా గ్రూపు పెట్టుకున్నాం.

మన దగ్గర పైసా తీసుకోని దుకాణానికి అంత ధర ఎందుకు పలికింది? ఈ ప్రశ్న ఆనాడు మనలో ఎవరం వేసుకోలేదు. మనం ఎవరితో స్నేహంగా ఉంటామో, ఏమి ఇష్టపడతామో, ఏ ఊళ్ళో ఉంటామో ఆ వివరాలను బట్టి ప్రకటనలు చూపించి వారు డబ్బు సంపాదిస్తారు. మన మనవరాలి ఫోటో ఎక్కడో మేఘంలో ఉన్నదంటారు గాని, అటువంటివన్నీ భూమి మీది భవనాలలోనే ఉంటాయి. చేవెళ్ల పక్కనే షాబాద్ మండలం చందన్‌వెల్లిలో అమెజాన్ వారి డేటా సెంటరు వస్తుందని 2020లో ప్రకటించారు. అది ఫేస్‌బుక్ వారిది కాదు. కాని అదీ ఆ జాతి రికార్డు గదే. దాని తాళంచెవి మాత్రం మనకు తెలిసిన గుమాస్తా చేతిలో ఉండదు.

ఇక నా తప్పు సంగతి. మా సహోద్యోగి ఒకరు కాలం చేశాక వారి శ్రీమతికి ఫ్యామిలీ పెన్షను మంజూరయింది. బకాయి లెక్క సరిగ్గా ఉన్నదో లేదో చూడమని ఆమె తన ఆర్డరు ఫోటో నాకు పంపింది. నాకు అనుమానం వచ్చి, తెలిసినవారు చెబుతారని ఆ ఫోటోను అలాగే గ్రూపులో పెట్టాను. అందులో ఆమె పేరు, పి.పి.ఓ. నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు, ఫోను నెంబరు అన్నీ ఉన్నాయి. పది నిమిషాలలో లెక్క తేలింది, సంతోషించాను. రెండు నెలల తరువాత, లైఫ్ సర్టిఫికెట్ల కాలంలో, ట్రెజరీ నుండి మాట్లాడుతున్నామని ఆమెకు ఎవరో ఫోను చేశారు. ఆమె ఓటీపీ చెప్పింది. ఖాతాలో ఉన్న 38 వేలు పోయాయి. చూడబోతే, “అన్నా, మా ఆయన పేరు, పి.పి.ఓ. నెంబరు అన్నీ సరిగ్గ చెప్పిండు. అందుకే నమ్మిన” అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఆ వివరాలు మా గ్రూపు నుండే పోయాయో, మరెక్కడి నుండి పోయాయో నేను చెప్పలేను. నా చేతి మీదుగా పోయి ఉండవచ్చునన్నదే నాకు చాలు. నేను చెరిపివేయబోయేసరికి గడువు దాటింది. చెరిపినా, అప్పటికే దించుకున్నవారి ఫోనులలో అది ఉండనే ఉంటుంది. 2016 నుండి వాట్సాప్ సందేశాలకు గట్టి తాళం ఉన్నది, దారిలో ఎవరూ చదవలేరంటారు. నిజమే. కాని రెండు వందల మంది ఉన్న గ్రూపులో ఆ తాళానికి రెండు వందల చెవులు. ముప్పై ఆరేళ్ళు సంతకం లేనిదే నకలు ఇవ్వని నేను, సంతకం లేకుండా ఒక్కసారే రెండు వందల నకళ్ళు పంచిపెట్టాను.

ఒకరి చేతి మీదుగా ఇతరుల వివరాలు పోవడం మా గ్రూపుకే పరిమితమైన విషయం కాదు. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే బ్రిటన్ సంస్థ వ్యవహారం బయటపడింది. ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష అనే ఒక సరదా ప్రశ్నావళి ద్వారా సేకరించిన వివరాలు ఆ సంస్థకు చేరాయి. ఫేస్‌బుక్ వారే చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో దానిని వాడినవారు 335 మంది. కాని వివరాలు పోయి ఉండవచ్చునన్నది 5,62,455 మందివి. మిగిలినవారంతా ఆ ప్రశ్నావళిని వాడినవారికి స్నేహితులు. తమ వివరాలు పోతున్నట్లు వారికి తెలియనే తెలియదు.

మరి చట్టం ఏమి చెబుతుంది? ఇక్కడ మనం గర్వపడవలసిన చరిత్ర ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962లో ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రి సోదాలు చెల్లవన్నారు గాని, గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు దానితో విభేదించి, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత ముఖ్యమైన భాగమని వ్రాశారు. జస్టిస్ షా గారు ఆయనతో ఏకీభవించారు.

తరువాతిది మన హైదరాబాదు కేసే. బ్యాంకులలో ఉన్న పత్రాలను కూడా కలెక్టరు అధికారమిచ్చిన వ్యక్తి తనిఖీ చేయవచ్చునని మన రాష్ట్రం 1986లో స్టాంపుల చట్టాన్ని సవరించింది. కెనరా బ్యాంకు వగైరాలు హైకోర్టుకు వెళ్ళి గెలిచాయి. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు అప్పీలు చేయగా 2004 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణ చెల్లదన్నది. ఒక పని కోసం మన కాగితాన్ని మరొకరి చేతికి ఇచ్చినంత మాత్రాన దాని గోప్యత పోదన్నది ఆ తీర్పు సారాంశం. ఆమె ఆర్డరు ఫోటో నాకు పంపింది లెక్క చూడడానికి మాత్రమే. ఈ తీర్పును నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నాను.

చివరకు ఈ హక్కును సాధించిపెట్టింది కూడా ఒక రిటైరు అయిన పెద్దమనిషే. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి గారు 2012లో, 86వ ఏట, ఆధార్ విషయమై సుప్రీంకోర్టులో పిటిషను వేశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. వారిలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు ఒకరు. ఫేస్‌బుక్ వంటి సంస్థలకు మన స్నేహితులెవరో తెలుసునన్న సంగతిని జస్టిస్ కౌల్ గారు తన తీర్పులో ప్రస్తావించారు. సుబ్బారావు గారి మాట నిలవడానికి 55 ఏళ్ళు పట్టింది. పుట్టస్వామి గారు 2024 అక్టోబరులో, 98వ ఏట కన్నుమూశారు.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. అవి దశలవారీగా అమలులోకి వస్తాయి. వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా విధానం విషయమై కాంపిటీషన్ కమిషన్ 2024లో దాని యజమాని అయిన మెటా సంస్థకు 213 కోట్లకు పైగా జరిమానా వేసింది. చట్టం కంపెనీలను అదుపు చేయవచ్చు. నా వ్రేలిని అదుపు చేయవలసింది నేనే.

అందుచేత సభ్యులకు నా మనవి ఇంతే. గ్రూపులో పెన్షను కాగితం ఏది పెట్టినా పేరు, నెంబర్లు మూసి పెట్టండి. అది ఇతరులదైతే వారిని అడగనిదే పెట్టవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోక వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా నాకే పంపుతున్నది. ఇప్పుడు నేను కండ్లజోడు పెట్టుకుని నేనే లెక్క వేస్తున్నాను. తేలకపోతే కాగితం పట్టుకుని సబ్ ట్రెజరీకి బస్సెక్కుతున్నాను. సెలవు.