మొదటి దోషం: చెరువుకట్టల ఊట, దాని నివారణ చరిత్ర

కడప జిల్లా పోరుమామిళ్లలో రాతి పలకలపై చెక్కిన ఒక సంస్కృత శాసనం ఉన్నది. శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఉదయగిరి సీమను పాలిస్తూ అనంతరాజ సాగరమనే చెరువును నిర్మించిన వృత్తాంతాన్ని ఈ శాసనం తెలుపుతున్నది. వేయిమంది కూలీలు, రాతిని చేరవేసే నూరు బండ్లు, రెండేండ్ల కాలం ఆ నిర్మాణానికి పట్టినట్లు అందులో చెప్పబడినది. ఇంతవరకు అది ఇతర దాన శాసనాల వంటిదే. దాని విశిష్టత వేరొకచోట ఉన్నది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువును చెరిచే 6 దోషాలను అది వరుసగా పేర్కొన్నది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, మధురజలాల నది, కొండల నడుమ దృఢమైన రాతికట్ట, పనితనం తెలిసిన కార్మికుల బృందం ఆ అంగాలలో కొన్ని. దోషాలలో చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మెట్ట ఉండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల తక్కువగుట ఉన్నాయి. వీటన్నింటికంటె ముందు చెప్పిన దోషం ఒకటున్నది. అది కట్టనుండి నీరు ఊరుట.

కట్ట తెగుట అని శాసనకర్త అనలేదు. నీరు ఊరుట అన్నాడు. తెగుట ఫలితం, ఊరుట కారణం. ఫలితాన్ని కాక కారణాన్ని దోషంగా గుర్తించిన ఆ దృష్టి మన జలచరిత్రలో అరుదైనది.

గండి పూడ్చిన కీర్తి

ప్రాచీన భారతదేశంలో చెరువు మరమ్మతుకు సంబంధించిన సుప్రసిద్ధ ఆధారం గుజరాత్‌లోని జునాగఢ్ వద్ద గల శిలాశాసనం. సుదర్శన తటాకాన్ని మౌర్య చంద్రగుప్తుని రాష్ట్రీయుడైన పుష్యగుప్తుడు నిర్మించాడు. అశోకుని కాలంలో తుషాస్ఫుడు దానికి కాలువలు అమర్చాడు. క్రీ.శ. 150లో ఘోరమైన గాలివాన వచ్చి, 420 మూరల పొడవు, అంతే వెడల్పు, 75 మూరల లోతు గల గండి పడినది. నీరంతా పోయి తటాకం ఎడారిని తలపించినది. అంత పెద్ద గండిని పూడ్చుట అసాధ్యమని మంత్రులు వెనుకాడారు. కట్ట మరల లేవదన్న నిరాశతో ప్రజలు ఆక్రోశించారు. అప్పుడు క్షత్రప రాజు రుద్రదాముని అమాత్యుడు, పహ్లవ జాతీయుడైన సువిశాఖుడు ఆ పని నెరవేర్చాడు. ప్రజలపై అదనపు పన్ను గాని, వెట్టి గాని మోపక, రాజు సొంత కోశాగారం నుండి ధనం వెచ్చించినట్లు శాసనం చాటుతున్నది.

మూడు శతాబ్దాలకు అదే తటాకం మరల తెగినది. స్కందగుప్తుని కాలంలో, క్రీ.శ. 455 ప్రాంతంలో, వర్షాకాలపు వరదకు కట్ట కూలగా, సౌరాష్ట్ర పాలకుడైన పర్ణదత్తుని కుమారుడు చక్రపాలితుడు మరుసటి ఏట రెండు నెలలలో దానిని బాగుచేయించాడు. ఈ కథనం కూడ ఆ బండపైననే చెక్కబడినది.

ఈ రెండు శాసనాలు పరిపాలనాదక్షతకు గొప్ప సాక్ష్యాలు. అయితే ఇవి గండి పడిన తరువాతి కథలు. వానకు ముందు ఆ కట్టపై ఎవరు నడిచారో, ఏ తడిమచ్చను చూశారో, చూసి ఎవరికి చెప్పారో రాతికెక్కలేదు. సకాలంలో మూసిన బుంగకు శాసనం ఉండదు. అక్కడ ఏమీ జరగలేదు గనుక చెప్పుకొనుటకు కథ మిగలదు.

కారణం తెలియనిచోట బలి

కట్ట ఎందుకు నిలువలేదో తెలియనప్పుడు సమాజం ఏమి చేసినదో చెప్పే ఆధారాలు కూడ ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాజధాని సమీపంలో నిర్మాణంలో ఉన్న ఒక పెద్ద చెరువును వర్ణించాడు. వేలమంది పనివారు శ్రమించిన ఆ కట్ట రెండు మూడుమార్లు తెగగా, దేవత అలిగినదని భావించి, మరణదండనకు గురైన మనుషులను, గుర్రాలను, దున్నలను బలి ఇచ్చినట్లు అతడు వ్రాశాడు.

తెలుగువారికి ఇటువంటి కథ మరింత దగ్గరగా తెలుసు. అనంతపురం సీమలోని బుక్కరాయసముద్రం చెరువు తెగనున్న వేళ, ఊరిని కాపాడుటకు ముసలమ్మ అనే ఇల్లాలు గండికి తన ప్రాణం అర్పించిన కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో కావ్యంగా రచించాడు. చెరువుకట్టలపై ఆత్మార్పణ చేసిన స్త్రీలను దేవతలుగా కొలిచే ఆచారం దక్షిణాదిన పలుచోట్ల కనిపిస్తుంది. త్యాగమహిమ అటుంచి చరిత్ర దృష్టితో చూచినచో ఈ కథలలో ఒక సమానధర్మం గోచరిస్తుంది. ఊట జాడ కనుగొనలేనప్పుడు దాని మూల్యాన్ని చెల్లించినవారు దండితుడో, ఇంటి కోడలో అయినారు. నిర్ణయించే స్థానంలో ఉన్నవారు కారు. కనుక ఊటను కనుగొనుట సాంకేతిక విషయం మాత్రమే కాక, న్యాయానికి చెందిన విషయం కూడ అగుచున్నది.

ఊట జాడ పట్టుట

మట్టికట్ట గుండా కొంత నీరు ఊరుట సహజం. ప్రమాదం ఎక్కడ మొదలగునో తెలుసుకొనుటే నేర్పు. కట్ట వెలుపలి పాదాన తేటనీరు సన్నగా ఊరుతూ, దాని పరిమాణం పెరగనంతకాలం భయం తక్కువ. ఆ నీరు మసకబారినదంటే కట్టలోని మట్టి రేణువులు కొట్టుకొని వస్తున్నాయన్నమాట. నీరు తన దారిని తానే లోపల తొలుచుకొనే ఈ క్రియను ఇంజనీర్లు పైపింగ్ అంటారు, రైతులు బుంగ పడినదంటారు. ఒకసారి మొదలైన బుంగ గంటలలో గండి కాగలదు.

బుంగకు కారణాలు చిన్నవే. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, చెదపుట్టలు, ఎండిపోయి కుళ్లిన చెట్లవేళ్లు మిగిల్చిన సొరంగాలు, వేసవిలో నల్లరేగడి బీటలువారుట వాటిలో ముఖ్యమైనవి. అన్నింటికంటె బలహీనమైనది తూము చుట్టూ ఉన్న భాగం. రాతికట్టడం, మట్టి కలిసే అంచున నీరు సులువుగా దారి చేసుకుంటుంది. ప్రాచీన శ్రీలంక నిర్మాతలు పెద్ద చెరువుల తూములకు బిసోకొటువ అనే గోడలుగల చతురస్రపు బావిని కట్టలో అమర్చి, నీటి ఉరవడిని అక్కడ అదుపు చేశారు. తూము, దాని చుట్టూ ఉన్న మట్టి దెబ్బతినకుండ కాపాడుటలో అది వారి ప్రతిభకు నిదర్శనం.

జాడ పట్టే పద్ధతులు అనుభవం నేర్పినవి. ఎండాకాలంలో కట్ట వెలుపలి వాలున ఒకచోట మాత్రమే గడ్డి పచ్చగా ఉండుట, కాలు దిగబడే మెత్తని నేల, కట్టపై కొత్తగా క్రుంగిన గుంట, లోపలివైపు నీటిపై చిన్న సుడి, ఇవన్నీ సంకేతాలు. నీటిపై ఊక చల్లినచో అది సుడివైపు లాగబడి బుంగ నోటిని చూపుతుంది.

మరమ్మతులో ఒక సూత్రం ముఖ్యం. నీరు ప్రవేశించేచోట మూయవలెను గాని, వెలికి వచ్చేచోట బిగించి మూయరాదు. వెలుపల మూసిన నీరు లోపలనే నిలిచి మరొక దారిని తొలుస్తుంది. లోపలివైపు బంకమట్టి దట్టించి, వెలుపల ఇసుక, దానిపై కంకర, దానిపై రాయి పొరలుగా పేర్చినచో నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది. ఊట ఉబుకుచున్నచోట మట్టిసంచులతో చిన్న వలయకట్ట వేసి నీటిని కొంత ఎత్తుకు నిలిపితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. నీరు తగ్గిన తరువాత బుంగను పూర్తిగా త్రవ్వి, తగిన తడి గల మట్టిని పొరపొరగా వేసి దిమ్మిస చేయుట శాశ్వత చికిత్స.

ఈ సూత్రాలు పెద్ద చెరువులకే పరిమితం కావు. ఉద్యానవనంలోని కొలనులో, ఇంటిపెరటి నీటితొట్టిలో కూడ ముందుగా నష్టాన్ని కొలిచిన తరువాతనే కారణాన్ని వెదకవలెను. నీరు నింపిన గిన్నెను కొలను ప్రక్కన అదే ఎండలో ఉంచి, రెండింటి మట్టాలను గుర్తించినచో, ఆవిరికి పోయినది ఎంతో, కారినది ఎంతో తేలుతుంది. మట్టం తగ్గుచు ఒక ఎత్తున ఆగినచో పగులు ఆ ఎత్తున ఉన్నదన్నమాట. మన పూర్వులు ఇటువంటి పగుళ్లను గానుగలో నూరిన డంగుసున్నంతో పూడ్చేవారు.

కాపలా ఎవరిది?

చూచే కన్ను లేనిదే ఏ పద్ధతియు పనిచేయదు. ఈ సంగతి పాలకులకు తెలియనిది కాదు. కొత్త చెరువు నిర్మించినవానికి ఐదేండ్లు, శిథిలమైనదానిని బాగుచేసినవానికి నాలుగేండ్లు పన్ను మినహాయింపు ఇవ్వవలెనని అర్థశాస్త్రం విధించినది. నిండుచెరువు కట్టను తెగగొట్టినవానిని అదే నీటిలో ముంచవలెనన్నది. తమిళదేశంలోని ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలపు క్రీ.శ. 919, 921 శాసనాలు చెరువుల నిర్వహణకు ఏరి వారియం అనే సంఘాన్ని, చీటీల ద్వారా దాని సభ్యుల ఎన్నికను పేర్కొన్నాయి. ఆంధ్రదేశంలో చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేసేవారికి దశబంధ మాన్యాలు ఇచ్చుట మధ్యయుగ శాసనాలలో విరివిగా కనిపిస్తుంది. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి తూము తెరచి మూయుటతోపాటు కట్టను కనిపెట్టి ఉండేవాడు. మట్టిపనిలో వడ్డెరల నైపుణ్యం తరతరాలది.

ఆంగ్లేయుల పాలనలో ఈ ఏర్పాటు సడలినది. 19వ శతాబ్దపు మధ్యభాగంలో మద్రాసు రాజధానిలోని 14 జిల్లాలలో సుమారు 53,000 చెరువులున్నట్లు అంచనా వేయబడినది. పెద్ద పనులు ప్రభుత్వ శాఖకు చేరాయి. పొదలు కొట్టుట, చిన్న గాడులు పూడ్చుట, తూము ఎదుట పూడిక తీయుట వంటి కుడిమరామత్తు పనులు గ్రామస్థుల బాధ్యతగా మిగిలాయి. వారిని చట్టంతో పనికి కట్టివేయుటకు 1858లో నిర్బంధ శ్రమ చట్టం వచ్చినది. తమ చెరువుపై అధికారం సన్నగిల్లినవారికి బాధ్యత మాత్రం నిర్బంధమైనందున ఆ చట్టం ఆశించిన ఫలమివ్వలేదు. 1876–78 నాటి మహాక్షామం తరువాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం ప్రారంభించవలసి వచ్చినది.

స్వాతంత్ర్యానంతరం ఆంధ్రప్రదేశ్ 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం చేసినది. తెలంగాణ 2015లో మిషన్ కాకతీయను ప్రారంభించి, 46,000కు పైగా చెరువుల పునరుద్ధరణను సంకల్పించినది. పూడికతీతకు, కట్ట పటిష్ఠతకు లెక్క ఉంటుంది, కొలత ఉంటుంది, ఖర్చుకు పద్దు ఉంటుంది. వానాకాలపు రాత్రి లాంతరు పట్టుకొని కట్టపై నడచి, ఊటనీరు తేటగా ఉన్నదా మసకబారినదా అని వంగి చూచే మనిషి పనిని కొలుచుట కష్టం. అతని పని సఫలమైన ఏడాది నివేదికలో వ్రాయుటకు ఏమీ ఉండదు.

పోరుమామిళ్ల శాసనం తన పండ్రెండు అంగాలలో రాజును మొదట, పనివారిని చివర నిలిపినది. రాజు ధనమిచ్చును, పండితుడు స్థలం చెప్పును. అయితే ఆ శాసనమే మొదటి దోషంగా ఎన్నిన ఊటను కనిపెట్టగలిగినది ఆ చివరివాడు, అతని తరువాత ఆ కట్టపై నడిచినవాడు. చెరువుకు వ్యయం కేటాయించే ప్రతి కాలంలోను అతనికి స్థానం, జీతం, మాటకు విలువ ఉన్నాయా అన్నదే కట్ట బలానికి తొలి పరీక్ష.