వ్రాతబల్లలును, వాని అరలలోని కాగితములును

మన పూర్వులకు వ్రాతబల్లతో బొత్తిగా పనిలేకుండెను. తాటియాకును ఎడమచేతి వ్రేళ్లమీద నుంచుకొని, గంటమును ఆ చేతి బొటనవ్రేలికి ఆనించి, కుడిచేతితో నడపుచు వ్రాయుచుండిరి. తరువాత ఆకుపై మసి పూసి తుడిచినచో అక్షరములు నల్లగా తేలును. వర్తకులకును కరణములకును కడితము వేఱుగ నుండెను. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడియు పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టి, బలపముతో లెక్కలు వ్రాసికొనుచుండిరి. తప్పుపడినచో తుడిచి మరల వ్రాయవచ్చును. ఈ రెండు పనులకును అరుగుమీద జానెడు చోటు చాలును.

కాగితము వచ్చిన పిదప ఈ సౌకర్యము పోయెను. కాగితము చేతిలో నిలువదు, వంగును, సిరా కారును. అడుగున గట్టి పలక యుండవలెను. ఆ పలక కొంచెము ఏటవాలుగా నున్నచో మెడకును చేతికిని సుఖము. కాగితము, కలము, దస్త్రము, గుమాస్తా, మేజా అను మాటలు పారసీక కచేరీల మార్గమున మనలోనికి వచ్చినవే. బల్ల, పెట్టె, అర, సొరుగు మాత్రము మన మాటలు. పరాయి పరికరము వచ్చినను దానిలోని భాగములకు మన వడ్రంగులు మన పేర్లే పెట్టుకొనిరని మాకొక చిన్న సంతోషము.

మన యిండ్లలో పెద్దలు వాడిన వ్రాతపెట్టెను చూడనివారికొఱకు దాని తీరు చెప్పుదుము. అది నేలమీద మఠము వేసికొని కూర్చుండువానికొఱకు చేసినది. వెనుకవైపు ఎత్తు, ముందువైపు పల్లము. పైమూతయే వ్రాతపలక. కలము దొర్లి పడకుండ దిగువ అంచున సన్నని బద్ద, ఎగువన సిరాబుడ్డికి గుంట. మూత యెత్తినచో లోపల రెండు మూడు అరలు. దుకాణదారుల గల్లాపెట్టెయు దీని జ్ఞాతియే.

దొరలు వాడిన పెట్టె వేఱు. మూసినచో చతురస్రపు పెట్టె. తెఱచినచో రెండు పలకలు కలిసి ఏటవాలు బల్ల యగును. మూలలకు ఇత్తడి బద్దలు తాపుదురు. కొన్నింట కలముల తట్ట ప్రక్కనున్న పలుచని పలకను తప్పించినచో దొంగసొరుగు కనబడును. దండుతో తిరుగు సైనికోద్యోగులకు గుడారమే కచేరీ గనుక, ఈ పెట్టె లేనిదే గడవకుండెను.

ఈ దొరల పెట్టెలలో మిక్కిలి పేరొందినవానిని చేసినవారు మన విశాఖపట్టణపు కమసాలి పనివాండ్రు. 1682లో ఆంగ్ల వర్తకులు అక్కడ స్థావర మేర్పఱచుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఆ పట్టణము అద్దకపు బట్టలకును దంతపు పొదుగు పనికిని సమానముగ ప్రసిద్ధి కెక్కెను. టేకు, ఇరుగుడు, నల్లచేవ కఱ్ఱలలో దంతపు లతలను పొదిగి, దంతముపై సన్నగా గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపుచుండిరి. పెట్టె అంచుల లతలును అద్దకపు బట్టల అంచులును ఒకే పోలికగ నుండును. ఏనుగుదంతము చాలవఱకు పెగూనుండి ఓడలమీద వచ్చుచుండెను. 1781లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి, చెన్నపట్టణమున గవర్నరుగ నుండిన అలెగ్జాండరు వించి దొర సామానులు అమ్మకమునకు రాగా, వానిలోని విశాఖపట్టణపు దంతపు కుర్చీలను, చిన్న బీరువాలను రాణి షార్లెటుకొఱకు కొనెను. 1851 నాటి లండను మహాప్రదర్శనమునకును విశాఖపట్టణపు పెట్టెలు పోయెను. చేసిన చేతులు తెలుగువారివి. వానిపై వ్రాసిన జాబులు ఇంగ్లీషువి. అట్టి పెట్టె గుమాస్తా జీతగానికి అందునది కాదు.

మనవంటి కచేరీ మనుష్యులలో వ్రాతకు పేరుపొందినవారు చెన్నపట్టణపు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన అక్కడి సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే 18వ తేదీన బయలుదేఱి కాశీకి పోయి 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చువఱకు దారిలోని సంగతులు వ్రాయుచునే యుండిరి. పగలెల్ల ఇంగ్లీషు కోర్టులో కొలువు చేసినవాడు తనకొఱకు, తనవారికొఱకు వ్రాసికొనవలసి వచ్చినప్పుడు తెలుగే పట్టెను. మా మనస్సున కెక్కిన విషయ మిదియే. కచేరీ బల్లమీద సర్కారు భాష, ఇంటి బల్లమీద తల్లిభాష.

ఈ రెండు బల్లల బ్రదుకు సరిహద్దుల కీవల నున్న మనకందఱకును తెలిసినదే. 1954 వఱకు యానాములో కచేరీ ఫ్రెంచిది, ఇంట తెలుగు. సోలాపురము మగ్గపు కుటుంబములకు బజారులో మరాఠీ. పెండ్లి పద్దులు తెలుగులో. మేము నివసించు బరంపురమున ఒకప్పుడు సర్కారు ఇంగ్లీషు, ఇప్పుడు ఒరియా. మేమును ముప్పదియేండ్లకు పైగా కచేరీలో ఇనుపబల్ల వద్ద కూర్చుండి ఇతర భాషలలోనే నోట్లు వ్రాసితిమి. ఇనుపబల్లకు చెదపట్టదు, నిజమే. కాని దానిలో ఎవ్వరును సొంత జాబు దాచుకొనరు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. గంజాము జిల్లాలో అధికభాగము, పర్లాకిమిడి జమీందారీలో కొంతభాగము, జయపురము దానిలో చేరెను. బరంపురము అటు పోయెను. ప్రక్కనే యున్న ఇచ్ఛాపురము మద్రాసు రాష్ట్రమున నిలిచెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880 నుండి పర్లాకిమిడిలో నుండి బడిలో చదువు చెప్పిరి. సవర భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిరి. అట్టివారే ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పేరుపొందినవారి ప్రయాణములు పుస్తకములలో నున్నవి. పేరులేనివారు పోవుదమా, ఉందమా యని రాత్రులు కూర్చుండి తర్కించుకొనిన సంగతులు వ్రాతపెట్టెలలోనే యున్నవి.

మా తాతగారు బరంపురమున ఒక వకీలుగారి యొద్ద గుమాస్తా. అంతవఱకు ఇక్కడి అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకు పోవుచుండెను. 1936 నుండి అవి పాట్నా హైకోర్టుకు పోవలసివచ్చెను. 1948లో కటకమున హైకోర్టు ఏర్పడువఱకు అదియే పద్ధతి. మద్రాసులో పరిచయములున్న వకీలుగారికి పాట్నాతో పొత్తు కుదురలేదు. ఆయన విశాఖపట్టణమునకు పోవ నిశ్చయించి తాతగారిని వెంట రమ్మనిరి. పోవునప్పుడు తన పాత టేకు వ్రాతపెట్టెను తాతగారి కిచ్చి పోయిరి. దానికి దంతము లేదు, మూలలకు ఇత్తడి మాత్రము కలదు. తాతగారు ఇక్కడనే యుండిరి. ఆయన ఊరు విడుచు మాటయే తలపెట్టలేదని మా యింట చెప్పుకొనుట వాడుక.

1987లో ఆ పెట్టె బందు ఊడగా వడ్రంగిని పిలిచితిమి. అతడు కలముల తట్టను పైకి తీయగా వెనుకపలక కదలెను. దాని చాటున వ్రేలెడు లోతు సొరుగు. దానిలో ఒకే కవరున రెండు జాబులు. రెండును 1936 మార్చి నెలలో బొబ్బిలి ప్రాంతమందున్న తన అన్నగారికి వ్రాసినవి. మొదటిదానిలో, కుటుంబముతో వచ్చుచున్నామనియు, విశాఖపట్టణమున రెండు గదుల యిల్లు అద్దెకు విచారింపుమనియు నున్నది. రెండవదానిలో, మీ మఱదలి పుట్టినింటివారందఱు ఇచ్చటనే యున్నారు, పిల్లవాని చదువు నడుమ నున్నది, గనుక రాలేము. నా వంతు భూమిని మీరే చేయించుకొనుడు. ఏటేట తెలుగు పంచాంగ మొకటి మాత్రము పంపుడు అని యున్నది. ఆ రెండవది చిత్తుప్రతి. అసలు అన్నగారికి చేరియుండవలెను. ఏలయన పెద్ద అరలో పంచాంగములు వరుసగా ఇరువదిరెండు దారముతో కట్టియున్నవి. అన్నగారు గతించిన యేటితో అవి ఆగినవి.

ఆ జాబులలోని పిల్లవాడు మా నాయనగారే. అప్పటికి ఆయన పింఛనుదారు. మొదటి జాబును రెండు మాఱులు చదివిరి. "మా నాన్న వెళ్లిపోదామనుకున్నాడన్నమాట" అని మాత్రము అనిరి. ఆ రోజు మఱి మాటాడలేదు.

మా బంధువుల యింట నొకచోట పంపకముల సమయమున ఇటువంటి పెట్టెనే పాతసామానువానికి అమ్మిరి. ఇత్తడికిని కఱ్ఱకును వెల కట్టిరి. లోపలి కాగితములను వరండాలో కుప్పపోసి అంటించిరి. వానిలో ఏమున్నదో చదువగలవారు ఆ యింట లేకుండిరి. అంటించినవారిని నిందించి లాభము లేదు. ఎవరి యింటనైన దంతపు పని గల పెట్టె యుండెనేని, దానిని అమ్మజూపుటకు ముందు విచారించుకొనుట మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1986లో సవరించి మన దేశపు ఏనుగుదంతపు వర్తకమును నిషేధించియున్నారు.

మా మనుమరాలు తెలుగు చక్కగా మాటాడును. అక్షరములు మాత్రము రావు, ఒరియా లిపి వచ్చును. అందుచేత నిరుడు ఆమెయు మేమును కూర్చుండి పని పంచుకొంటిమి. మేము ఒక్కొక్క కాగితమును పైకి చదువుదుము. ఆమె ఆ తెలుగు మాటలనే ఒరియా లిపిలో నోటుపుస్తకమున వ్రాసికొనును. తేదీ, ఎవరు ఎవరికి వ్రాసినది, ఏ అరలో దొరకినది అనునవి ప్రక్కన నుండును. రెండు జాబులును మొదటి పుటలలోనే ఎక్కినవి. ఇంటిపన్ను రసీదులు, ఒక పెండ్లి ఖర్చుల జాబితా, మూడు జాతకములు తరువాత ఎక్కినవి.

మిగిలినవి వకీలుగారి కాలపు గొలుసుకట్టు వ్రాతలోని పద్దులు. కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరము ముడివేసిన ఆ వ్రాత మాకు నాలుగవ వంతు కూడ అందుట లేదు. దానిని చదువగలవారు ఇద్దఱు వృద్ధులు ఈ యూరనే యున్నారని వింటిమి. వచ్చు ఆదివారము పద్దులు మూటగట్టుకొని, మనుమరాలితోకూడ వారిలో నొకరి యింటికి పోదుము.